దేవయ్య తీయని గేటు

ఒమన్ దేశంలో బహ్లా అనే ఊళ్లో పనిచేసే మన తెలుగువాళ్ల దగ్గర దేవయ్య పేరెత్తి చూడండి. ముందు నవ్వుతారు, ఆ తర్వాత చొక్కా కాలరు సర్దుకుంటారు. నవ్వెందుకంటే ఆ మనిషి అంత మెతక. మెతకంటే మామూలు మెతక కాదండోయ్, దారిలో మేక ఎదురొస్తే పక్కకు తప్పుకుని "నువ్వు పో తల్లీ" అని దానికి దారిచ్చే రకం. కాలరెందుకు సర్దుకుంటారో తెలియాలంటే మాత్రం కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

దేవయ్యది జగిత్యాల దాటి గోదావరి వైపు పోతుంటే వచ్చే ఓ చిన్న ఊరు. ముత్రాసి కుటుంబం. చెరువులో చేప ఎక్కడ తిరుగుతుందో, చేనుగట్టు మీద చెవులపిల్లి ఏ పొదలో పడుకుంటుందో ఆ ఇంటి మగపిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. చెవులపిల్లి అంటే ఏదో వింత జంతువనుకునేరు, కుందేలే. అటువైపు అలాగే అంటారు. బోర్లు ఎండిపోయిన ఏడు ఊళ్లో సగం మంది దుబాయి దారి పట్టారు, దేవయ్యకు ఒమన్ దొరికింది. మొదట మస్కట్‌లో బిల్డింగుల పని. ఎత్తు మీద నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరిగేవి, తిరుగుతున్నాయని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ఆ కంపెనీ మూతపడ్డాక ఎవరో చెబితే బహ్లా వచ్చి, సైఫ్ అనే ఆయన తోటలో కుదిరాడు. పార చేతికి రాగానే మనిషికి ప్రాణం లేచొచ్చింది. ఖర్జూరం చెట్టెక్కడం నేర్చుకున్నాడు. ఫలజ్ నీళ్లు, అంటే కొండల్లోంచి కాలవ మీద వచ్చే ఊరుమ్మడి నీళ్లు, తోట వంతు వచ్చినప్పుడు మళ్లించుకోవడం నేర్చుకున్నాడు. అరబ్బీ కూడా తోటకు సరిపడా వచ్చింది.

సైఫ్ చెడ్డవాడనుకోకండి. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఎంతో సులువయ్యేది. ఒకసారి దేవయ్యకు తేలు కుడితే తన కొత్త బండిలో ఎక్కించుకుని, సీటు మీద వాంతి చేసుకున్నా పల్లెత్తు మాట అనకుండా ఆస్పత్రికి తీసుకుపోయాడు. పండగకు మాంసం పంపేవాడు, ఊళ్లో పెళ్లుంటే పళ్లెం నిండా అన్నం పంపేవాడు. ఆయనకు ఉద్యోగం నిజ్వాలో, ప్రాణం వేటలో. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు ఉన్న వేటకుక్కలు రెండు పెంచేవాడు. వాటిని చూసుకున్నంత ముద్దుగా తోటను చూసుకోలేదు. అందుకే చివరికి తోటను కౌలుకిచ్చేశాడు.

కౌలుకు తీసుకున్నావిడ అజీజా. చాలా కాలం బడిలో టీచరమ్మగా చేసి, రిటైరై, ఇంట్లో కూర్చోవడం చేతకాక మట్టిలోకి దిగింది. ఒప్పందం ఎలా కుదిరిందంటే, తోటతో పాటు బావి, బావితో పాటు మోటారు, మోటారుతో పాటు దేవయ్య! నవ్వకండి, నిజమే. దేవయ్య పతాకా, అంటే పనివాడి కార్డు, సైఫ్ పేరు మీదే ఉండిపోయింది. గల్ఫ్‌లో ఆ కార్డు మీద ఎవరి పేరుంటే ఆయనే అర్బాబ్. ఆయన ఊఁ అంటే ఉంటాం, ఊహూఁ అంటే విమానం ఎక్కుతాం. అలా దేవయ్యకు పని చెప్పేది అజీజా, ప్రాణం మాత్రం సైఫ్ గుప్పిట్లో.

అజీజా మేడం ఎలాంటిదో ఒక్క ముక్కలో చెబుతాను. వచ్చిన కొత్తలో వెల్లుల్లి ఎక్కడ వేయాలా అని పొలం గట్టు మీద నిలబడి, "నువ్వేమంటావ్ దేవా?" అని అడిగింది. దేవయ్య వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. అన్నేళ్ల గల్ఫ్ బతుకులో "నువ్వేమంటావ్" అన్నవాళ్లు ఆయనకు అప్పటిదాకా తగల్లేదు మరి. ఆ ఏడు వెల్లుల్లి దేవయ్య చెప్పిన చోటే వేశారు, గోధుమ మాత్రం మేడం చెప్పిన చోట. రెండూ బాగా వచ్చాయి. ఇద్దరూ పోటీపడి గొప్పలు చెప్పుకున్నారు.

ఇక అసలు సంగతి. తోట కౌలుకిచ్చినా సైఫ్ శుక్రవారం వేట మానలేదు. చలికాలం వచ్చిందంటే చాలు, శుక్రవారం పొద్దున్నే బండి గేటు ముందు ఆగేది. వెనక కుక్కలు, లోపల ఇద్దరు ముగ్గురు స్నేహితులు. హారన్ మోగేది. దేవయ్య పరుగెత్తుకెళ్లి గేటు తీసేవాడు, చెట్టు కింద చాప పరిచేవాడు, ఖర్జూరం పళ్లెం పెట్టి చిన్న కప్పుల్లో ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసేవాడు. అంతటితో ఊరుకుంటే దేవయ్య ఎందుకవుతాడు? గడ్డిమడిలో చెవులపిల్లులు ఎక్కడ నక్కుతాయో ఆయనకు తెలుసు కదా, ఓ పాత నూనె డబ్బా వెతికి తెచ్చుకుని, కర్రతో డమడమ కొడుతూ, "హో! హో!" అని అరుస్తూ ముందు నడిచేవాడు. కుందేలు లేచేది, కుక్కలు దాని వెంట పడేవి, మనుషులు కుక్కల వెంట పడేవారు. "షాబాష్ దేవా!" అని సైఫ్ భుజం తట్టేవాడు. నిజం చెప్పాలంటే దేవయ్యకు అది సరదాగానే ఉండేది. వేట రక్తంలో ఉన్నవాడు, కాళ్లు ఊరుకుంటాయా?

అజీజా శుక్రవారాలు నిజ్వాలో కూతురింటికి వెళ్లేది. శనివారం వచ్చి మడుల్లో కుక్క అడుగులు చూసేది. తోట ఆయనదే కదా, ఒకసారి చెబితే మానుకుంటాడులే అని సైఫ్‌కు మర్యాదగానే చెప్పింది. ఆయన మర్యాదగానే నవ్వాడు. మానలేదు. ఒక శనివారం వచ్చేసరికి పొట్టకొచ్చిన గోధుమ బారెడు వెడల్పున నేలకు అంటుకుపోయి ఉంది. కాలవ కట్ట తెగి, తోట వంతు నీళ్లన్నీ రాళ్లల్లోకి పోయాయి. నీళ్ల వంతు పోవడమంటే ఆ ఊళ్లో చిన్న సంగతి కాదు. మళ్లీ వంతు వచ్చేదాకా చేను నోరు తెరుచుకుని ఎదురుచూడాల్సిందే.

"గేటు ఎవరు తీశారు?" అని అడిగింది.

"నేనే మేడం."

"వచ్చే శుక్రవారం తీయకు. నేను వద్దన్నానని చెప్పు."

"సరే మేడం."

సరే అన్నాడా, మళ్లీ శుక్రవారం వచ్చింది. హారన్ మోగింది. తీయకూడదు, తీయకూడదు అనుకుంటూనే దేవయ్య గేటు దాకా వెళ్లాడు. అనుకుంటూనే తాళం తీశాడు. పాపిష్టి చెయ్యి, చాప కూడా పరిచింది.

అజీజా అరుస్తుందనుకున్నాడు. ఆవిడ అరవలేదు. తొక్కేసిన గోధుమ మడి గట్టున కూలబడి, "భయపడ్డావా దేవా?" అంది.

"అలవాటు మేడం," అన్నాడు దేవయ్య, తలెత్తకుండా.

ఆవిడ మట్టి దులుపుకుని లేచింది. మర్నాడు బహ్లా కోర్టుకెళ్లి కేసు వేసింది. వేటకు పర్మిట్ ఉందా, లేదా అన్నది వేరే ఆఫీసు చూసుకునే సంగతి. ఆవిడ అడిగింది ఒక్కటే. కౌలు గడువు ఉన్నంతకాలం ఈ నేల మీద ఎవరు అడుగుపెట్టాలో చెప్పే హక్కు నాదా, ఆయనదా?

సైఫ్ మనసు విరిగింది. ఊళ్లో పరువు గల మనిషి, ఒక టీచరమ్మ తనను కోర్టుకు లాగడమా! వకీలును పెట్టుకున్నాడు. ఆ వకీలు ఎంత గట్టివాడంటే, దేవయ్య పోసిన ఖహ్వానే తీసుకెళ్లి కోర్టులో సాక్ష్యంగా పెట్టాడు. కౌలుదారు పనివాడే ప్రతి వారం గేటు తీశాడు, చాప వేశాడు, కాఫీ ఇచ్చాడు, వేటకు ముందు నడిచాడు. ఇష్టం లేనివాళ్లు చేసే పనులా ఇవి? కాబట్టి ఆవిడ ఒప్పుకున్నట్టే. ఇప్పుడొచ్చి కాదంటే ఎలా? ఆ మాటతో అజీజా కేసు సగం కూలిపోయింది. నిలబెట్టినా, పూర్తిగా పడగొట్టినా దేవయ్య నోట్లోంచి వచ్చే మాటే దిక్కు. నోట్లో నాలుక లేని మనిషికి ఎంత కష్టమొచ్చిందో చూడండి!

కోర్టుకు రమ్మని కబురొచ్చిన రోజు సాయంత్రమే సైఫ్ తోటకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గేటు ఎలాగూ తెరుచుకుంది. దేవయ్య గదిలో మంచం మీద కూర్చుని, టీ అడిగి తాగాడు.

"నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు దేవా," అన్నాడు హిందీలో. "మేము వస్తున్నామని మేడంకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పు. తెలుసా, తెలియదా?"

"తెలుసు అర్బాబ్."

"అంతే. తెలుసని చెప్పు. మిగతాది నా వకీలు చూసుకుంటాడు. ఇదయ్యాక నీ కార్డు మళ్లీ రాయిస్తాను. నువ్వు ముసలాడివయ్యేదాకా ఇక్కడే ఉండు."

"వద్దన్నదని గూడ చెప్తే?"

సైఫ్ గ్లాసు కింద పెట్టి ఆయన వంక చూశాడు. కోపం లేదు, నొచ్చుకున్నాడంతే. "అలా చెబితే నువ్వు నా మనిషివి ఎలా అవుతావు?" అని లేచి వెళ్లిపోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవయ్య మర్నాడు బజారుకెళ్లి, సైట్‌లో పనిచేసే నర్సింగ్‌కు సంగతంతా చెప్పుకున్నాడు. నర్సింగ్ వాళ్ల పక్క మండలం వాడే. గల్ఫ్ చట్టాలన్నీ తన జేబులోనే ఉన్నట్టు మాట్లాడతాడు, సగం నిజంగానే ఉంటాయి.

"అన్నా, నీకు పిచ్చిలేసిందా? అర్బాబ్ కార్డు క్యాన్సిల్ జేసి ఎన్‌ఓసీ, గదే అభ్యంతరం లేదన్న కాయితం, ఇయ్యకుంటే రెండేండ్ల బ్యాన్. కొత్త రూలొచ్చింది, ఎర్కలేదా? రెండేండ్లయినంక నిన్నెవడు పిలుస్తడు, యాభై ఏండ్ల ముసలోన్ని? పోరడు పాలిటెక్నిక్ సగంల ఉన్నడు, ఇంటికి స్లాబు వడలే. ఆమె టీచరమ్మ, ఆయన పెద్దమనిషి, వాళ్లు వాళ్లు ఒక్కటైతరు. నడుమ నువ్వెవనివి?"

"నేనెవన్ని," అన్నాడు దేవయ్య కూడా. తల ఊపి తోటకొచ్చేశాడు. తెలుసు అని ఒక్క మాట చెబితే పోలేదా? అబద్ధం కూడా కాదు కదా. అలా అనుకున్నాక అన్నం సయించింది.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు భార్య లస్మవ్వ కల్లాల దగ్గర ఉందట, తల్లి చిన్నవ్వ ఎత్తింది. డెబ్బై దాటినా గొంతు మాత్రం గంట. దేవయ్య ఆమెకు కోర్టు సంగతి చెప్పకూడదనుకున్నాడు. కానీ నోరు జారి కౌలన్నాడు, వేటన్నాడు, కోర్టన్నాడు.

"దొర వేట తగాదనా బిడ్డా?"

"దొర గాదవ్వా, అర్బాబ్."

"ఏ పేరైతేంది. నీకెప్పుడు చెప్పలే, మీ తాత, మా నాయిన, గట్లనే ఒక్కసారి కచేరీకెక్కిండు," అంది చిన్నవ్వ. "దొర భూమే కౌలుకు వట్టిండు. జొన్న మంచిగొచ్చింది. దొర వేటకొచ్చి గుర్రాలతోని, కుక్కలతోని చేనంత తొక్కిచ్చిండు. మా నాయినకు యాడలేని పౌరుషమొచ్చి తాసీలు కచేరీకి పోయిండు. ఆడేమన్నరో ఎర్కేనా? భూమి కౌలుకిచ్చిండు గని భూమ్మీద తిరిగే జీవాలనియ్యలే గదరా, పో అన్నరు. ఊళ్లెకొచ్చినంక దొర కొట్టలే, తిట్టలే. మెడకు ఓ డబ్బా కట్టిచ్చి, ఇగ ప్రతి వేటకు ముంగట నువ్వే నడువాలె అన్నడు. ఆ దొరల రాజ్యం పోయేదాక నడిశిండు. డబ్బా కొట్టుకుంట నడుస్తుంటె ఊరి పోరగాండ్లందరు ఎనుక ఉరికి నవ్వెటోళ్లు. నేను గింతంత పిల్లను. నేను గూడ నవ్విన బిడ్డా."

దేవయ్య ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"గందుకే చెప్తున్న. పెద్దోళ్లతోని మనకెందుకు? ఆయన ఏం చెప్పుమంటె అది చెప్పి, కడుపుల సల్ల కదులకుంట ఉండు."

"సరే అవ్వా," అని ఫోన్ పెట్టేశాడు.

తానూ డబ్బా కొడుతూ నడిచానని మాత్రం తల్లికి చెప్పలేదు. ఎలా చెబుతాడు? తాత మెడకు దొర కట్టించాడు. తన మెడకు ఎవరు కట్టారు? షాబాష్ అనిపించుకోవడానికి తనంతట తానే వెతికి తెచ్చుకున్నాడు. ఆ తలంపు వచ్చేసరికి ఒళ్లంతా చీదరేసింది. మోటారు గదిలోకెళ్లి ఆ డబ్బాను కాలితో తన్నాడు, అది దొర్లి తలుపుకు తగిలింది. ఆ మెతక మనిషి జన్మలో ఒక వస్తువును తన్నడం అదే మొదలు.

కోర్టు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. హాల్లో ఒక పక్క అజీజా, ఒక పక్క సైఫ్. దేవయ్య ఇద్దరికీ సలాం చెప్పాడు, ఇద్దరూ తిరిగి చెప్పారు. ఉర్దూలో అడిగి అరబ్బీలో చెప్పడానికి కోర్టువారు ఒక మనిషిని పెట్టారు. తెలంగాణ వాడికి ఉర్దూ ఏం కొత్త, దేవయ్య గుండె కాస్త కుదుటపడింది. సైఫ్ వకీలు లేచి మొదలుపెట్టాడు. దుబాసీ వరసగా మాట మార్చి చెబుతున్నాడు.

"నా కక్షిదారు కౌలుకిచ్చింది మట్టిని, నీళ్లను. ఆ నేల మీద తిరిగే జీవాలను ఇవ్వలేదు."

దేవయ్య ఉలిక్కిపడ్డాడు. అదే మాట! ఎక్కడి జగిత్యాల, ఎక్కడి బహ్లా. ఎప్పటి కచేరీ, ఇప్పటి కోర్టు. ఆ మాటను ఈ వకీలుకు ఎవరు మోసుకొచ్చి ఇచ్చారో అనిపించింది. అంతవరకు "తెలుసు" అన్న ఒక్క మాటను నోట్లో పట్టుకుని కూర్చున్నవాడు, దాన్ని మింగేశాడు.

జడ్జి నెరిసిన గడ్డం మనిషి. నెమ్మదిగా అడిగాడు. "శుక్రవారం గేటు తీసింది నువ్వేనా?"

"నేనే సాబ్."

"వాళ్లు వస్తున్నారని మేడంకు తెలుసా?"

సైఫ్ ముందుకు వంగాడు.

"తెలుసు సాబ్," అన్నాడు దేవయ్య. వకీలు కూర్చోబోయాడు. "తెలుసుకనే తీయొద్దన్నది. నా మొకం మీదనే చెప్పింది. చెప్పినంక గూడ నేను తీసిన. తప్పు నాది, ఆమెది గాదు."

దుబాసీ ఆ మాటను అరబ్బీలో చెప్పడానికి ముందే, ఉర్దూ తెలిసిన సైఫ్ ముఖం మారిపోయింది.

"వద్దన్నా ఎందుకు తీశావు?" అన్నాడు జడ్జి.

"చెయ్యి నాది సాబ్, కార్డు ఆయనది."

జడ్జి ఏదో రాసుకున్నాడు. వకీలు మళ్లీ లేచాడు, ఈసారి గొంతు పెంచి. "భయంతో తీశావనుకుందాం. మరి ఖహ్వా? ఖహ్వా పొయ్యమని ఎవరూ బెదిరించలేదు కదా? నీ అంతట నువ్వే పోశావు. అంటే తోట మనుషులు వాళ్లను ఇష్టంగా పిలిచినట్టేగా?"

ఇక్కడే దేవయ్య తడబడతాడని నర్సింగ్ పందెం కాసి ఉండేవాడు. తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్న నర్సింగ్ అలాగే అనుకున్నాడట. కానీ చెమట తుడుచుకుని దేవయ్య ఏమన్నాడంటే:

"సాబ్, మీ దేశం వచ్చినంకనే నేర్చుకున్న. గడప ముంగటికి ఎవలచ్చినా ఖహ్వా పోస్తరు మీరు. అప్పు అడుగనీకి వచ్చినోనికి పోస్తరు, కొట్లాటకొచ్చినోనికి గూడ ముందు పోసి తర్వాత కొట్లాడ్తరు. ఖహ్వా పోసినంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టా? నేను పోసింది కాఫీ. తోట పోయలే."

దుబాసీ చెబుతుంటే జడ్జి గడ్డంలోంచి నవ్వాడు. వెనక బెంచీలో ఎవరో ముసలాయన గట్టిగానే నవ్వేశాడు. ఆశ్చర్యం ఏమిటంటే సైఫ్ పెదవి కూడా ఒక్క క్షణం వంకర తిరిగింది, అంతలోనే బిగుసుకుపోయింది.

కొన్నాళ్లకు తీర్పొచ్చింది. కౌలు నడుస్తున్నంతకాలం తోటలోకి రావాలంటే, అది వేటకైనా మాటకైనా, సైఫ్ అజీజా అనుమతి తీసుకోవాలి. ఆవిడ అనుమతి లేకుండా తీసిన గేటు ఆవిడ అనుమతి కాదు. ఆ చివరి వాక్యాన్ని నర్సింగ్ చదివించుకుని విని, బజారంతా చెప్పుకొచ్చాడు. నడుమ నువ్వెవనివి అన్న నోటితోనే "మా అన్న" అనడం మొదలుపెట్టాడు, చూశారా!

కోర్టు చెప్పింది సరే. గేటు దగ్గర కోర్టు నిలబడదు కదా, దేవయ్యే నిలబడాలి. తర్వాతి శుక్రవారం హారన్ మోగింది.

దేవయ్య వెళ్లాడు. తాళం చెవి జేబులో ఉంది. చెయ్యి దానంతట అదే జేబు వైపు పోయింది, అలవాటు అంత తొందరగా చస్తుందా! మరో చేత్తో దాన్ని పట్టుకుని ఆపినంత పని చేశాడు. గేటు ఊచల అవతల సైఫ్, వెనక బండిలో కుక్కలు, స్నేహితులు.

"సలామలేకుం అర్బాబ్."

"వాలేకుం సలాం. తియ్."

"మేడంను అడగాలె అర్బాబ్. జర నిలవడుండ్రి."

నిలబడమన్నాడు! ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని దేవయ్యకే అనుమానం వచ్చింది. ఫోన్ చేశాడు. అజీజా బండి నడుపుతోందేమో, ఎత్తలేదు. ఎండ ఎక్కుతోంది. సైఫ్ కదల్లేదు, దేవయ్యా తీయలేదు. అలా ఎదురెదురుగా ఎంతసేపని? చివరికి దేవయ్య లోపలికి వెళ్లి, ఖహ్వా కూజా, కప్పులు, ఖర్జూరం పళ్లెం పట్టుకొచ్చాడు. గేటు ఊచల సందులోంచి కప్పు అందించాడు.

సైఫ్ ఆ కప్పు వంక చూశాడు. తీసుకోకపోతే వాళ్ల ఊరి మర్యాద కాదు, తీసుకుంటే గేటు బయట తాగినట్టు. ఆయనా పెద్దింటి మనిషే, తీసుకున్నాడు. తాగాడు. దేవయ్య మళ్లీ పోశాడు. మళ్లీ తాగాడు. అప్పుడు మోగింది ఫోన్.

"వేటకైతే వద్దు," అంది అజీజా. "అతిథిగా వస్తే రమ్మను. సగౌరవంగా రమ్మను."

"కుక్కలను బండ్లనే ఉంచి మీరు రావచ్చునట అర్బాబ్," అన్నాడు దేవయ్య.

సైఫ్ లోపలికి రాలేదు. కప్పు అటూ ఇటూ ఆడించి, ఇక చాలన్నట్టు తిరిగిచ్చాడు. "నీ కార్డు నా దగ్గర ఉంది. తెలుసు కదా?"

"తెలుసు అర్బాబ్."

"ఆదివారం ఆఫీసుకు రా."

"వస్త అర్బాబ్."

బండి తిరిగి వెళ్లిపోయింది. దేవయ్య ఆ కప్పులు కడిగి బోర్లించి, చెట్టు కింద కూర్చున్నాడు. ఛాతీలో ఏదో, ఎప్పుడూ లేనిది, వెడల్పుగా కూర్చుంది. గర్వమంటే అదేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెబుతున్నాను, అదే.

ఆదివారం సైఫ్ అన్నంత పనీ చేశాడు. కార్డు క్యాన్సిల్ అయింది. అజీజా తానే ఆయన ఇంటికి వెళ్లి, ఎన్‌ఓసీ ఇవ్వు, నా పేరు మీదకు మార్చుకుంటానని అడిగింది. టీచరమ్మ ఎవరినీ బతిమాలని మనిషి, దేవయ్య కోసం బతిమాలింది. ఆయన ఖహ్వా పోశాడు, కాగితం ఇవ్వలేదు. అంటే రెండేళ్ల దాకా ఒమన్ లేదు. దేవయ్య సంచి సర్దుకున్నాడు. గోధుమ కోతకొచ్చి ఉంది, ఆ కోత చూడకుండా పోతున్నందుకు మాత్రం ఏడ్చాడు. దాచడమెందుకు, బాగానే ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు. చిన్నవ్వే ఎత్తింది.

"అవ్వా, ఇంటికొస్తున్న."

"సెలవిచ్చిండ్రా బిడ్డా?"

"సెలవు గాదవ్వా. వీసా పోయింది. అర్బాబ్ చెప్పుమన్నది నేను చెప్పలే." గుక్క తిప్పుకోకుండా కోర్టు సంగతి, తీర్పు సంగతి, శుక్రవారం సంగతి చెప్పుకుపోయాడు. తిడుతుందని తెలుసు. స్లాబు గురించి అడుగుతుంది, పిల్లవాడి చదువు గురించి అడుగుతుంది, చెప్పిన మాట వినవేందిరా అంటుంది. అన్నింటికీ సిద్ధమై ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

ఒక్క తిట్టూ రాలేదు.

"అవ్వా? ఉన్నవా?"

"దొర గేటు అవతలనే నిలవడ్డడా?" అంది చిన్నవ్వ.

"ఆఁ. నిలవడ్డడు."

"ఎండల?"

"ఎండలనే. మేడం ఫోన్ ఎత్తేదాక."

ముక్కు చీదిన శబ్దం వినిపించింది. ఆ తర్వాత ఆ గంట లాంటి గొంతు ఫోన్‌లోంచి కాదు, వాడకట్టంతా వినబడేలా లేచింది.

"ఓ లస్మా! కూర మాడితే మాడనియ్, ఇటు రా. నువ్వు మల్ల చెప్పు బిడ్డా, గేటు కాన్నుంచి చెప్పు."